62 సెక్టర్ల పోరంబోకు: పాత కంప్యూటరుకు బూట్ లోడర్ మార్చిన డైరీ

2025 జూన్ 28, శనివారం

నిన్న రథయాత్ర జరిగింది. ఈ రోజు బజారు సగమే తెరిచారు. ఆషాఢంలో తెలుగువారి పెళ్ళిళ్ళు ఉండవు కనుక, పర్లాకిమిడిలోని మా చిన్న ప్రెస్సులో ఏడాదంతా వాయిదా వేసిన మరమ్మతులన్నీ ఈ నెలలోనే పెట్టుకుంటాము. ఈసారి ఏ పనితో మొదలుపెట్టాలా అని ఆలోచించే అవసరం రాలేదు. ఉదయం పాత కంప్యూటరు స్విచ్చి వేయగానే నల్లని తెర మీద ‘ఎల్’ అనే ఇంగ్లీషు అక్షరం ఒకటి కనిపించి, దాని వెనుక 99, 99, 99 అంటూ తెర నిండేదాకా అంకెలు పరుగెత్తాయి. చిన్నాన్న కళ్ళజోడు సవరించుకుని చూసి, “ఏట్రా, ఇది లెక్కలు రాస్తంది?” అన్నారు.

ఆ యంత్రం సంగతి ముందుగా రాసి పెట్టుకోవాలి. పెంటియం 4 ప్రాసెసరు, 1 జీబీ ర్యామ్, 80 జీబీ ఐడీఈ హార్డ్ డిస్కు. డిస్కును మూడు పార్టిషన్లుగా, అంటే భాగాలుగా, పంచి ఉంది: మొదటి దానిలో విండోస్ ఎక్స్‌పీ, రెండో దానిలో స్లాక్‌వేర్ 14.2 లైనక్స్, మూడోది స్వాప్, ర్యామ్ చాలనప్పుడు లైనక్స్ తాత్కాలికంగా వాడుకునే చోటు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మద్దతు ఆగిపోయిన మాట నిజమే కాని, మా తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ దాని మీదనే నడుస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ తాళం ప్రింటరు పోర్టుకు తగిలించే అగ్గిపెట్టెంత డబ్బా. కొత్త కంప్యూటర్లకు ఆ పోర్టే ఉండదు. ఇరవై ఏళ్ళ శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు ఆ ఫాంట్లలోనే దాచి ఉన్నాయి. స్లాక్‌వేర్‌ను యూనికోడ్ పనులకు వాడుతున్నాము. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసిన ఊరు ఇది. మహేంద్రతనయ దాటితే ఆంధ్రలోని పాతపట్నం. కార్డుకు ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా అడిగేవారు మాకు చాలామంది ఉన్నారు, పాత సాఫ్ట్‌వేర్‌కు ఒడియా రాదు. కనుక రెండు సిస్టమ్‌లూ మాకు కావలసినవే.

ఈ రెండింటికీ వాకిలి ఒకటే, సిస్టమ్‌ను లేపే లైలో అనే బూట్ లోడర్. కరెంటు అందగానే మదర్‌బోర్డు మీద ఉండే బయోస్ అనే తొలి ప్రోగ్రాము, డిస్కులోని మొట్టమొదటి సెక్టరును, అంటే 512 బైట్లను, మెమరీలోకి తెచ్చుకుని పనిని దానికి అప్పగిస్తుంది. ఆ 512లో 64 బైట్లు పార్టిషన్ల పట్టికకు, చివరి 2 బైట్లు ముద్రకు పోగా, బూట్ లోడర్‌కు మిగిలేది 446 బైట్ల చోటు. అంత చోటులో డిస్కు మీది ఫైలును పేరు పట్టి వెతికే తెలివిని ఇరికించడం సాధ్యం కాదు. అందుకని లైలో తనను అమర్చే సమయంలోనే తన రెండో భాగమూ, లైనక్స్‌కు గుండె వంటి ప్రోగ్రామైన కెర్నలూ డిస్కు మీద ఏయే సెక్టర్లలో ఉన్నాయో ఆ నెంబర్లు రాసి పెట్టుకుని, తరువాత ప్రతిసారీ ఆ నెంబర్ల ప్రకారం వెళ్ళి తెచ్చుకుంటుంది. ఇంట్లో ఎవరున్నారో చూడకుండా డోరు నెంబరును బట్టి ఉత్తరం పడవేసి వెళ్ళే పోస్టుమాన్ వంటిది. అది తన పేరులోని నాలుగు అక్షరాలనూ ఒక్కొక్క మెట్టు దాటినప్పుడు ఒక్కొక్కటిగా తెర మీద రాస్తుంది కనుక, ఎక్కడ ఆగిందో అక్షరాలను బట్టి చెప్పవచ్చును. ‘ఎల్’ దగ్గర ఆగి 99 చూపిందంటే, మొదటి భాగం వచ్చింది, రెండో భాగం ఉండవలసిన సెక్టరులో మరేదో ఉంది అని అర్థం.

నేరం నాదే. ఈ నెల మొదటి వారంలో డిస్కులో చోటు చాలక, బూట్ ఫోల్డరులోని ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లోకి తీసి, పాత కెర్నళ్ళు తొలగించి, మిగిలినవి తిరిగి పెట్టాను. పేర్లు అవే, ఫైళ్ళు అవే. డిస్కు మీద చోటు మాత్రం మారిపోయింది. ఆ తరువాత లైలోను మరొకసారి నడిపి నెంబర్లు తిరగరాయించాలి, అది మరచిపోయాను. అయినా మూడు వారాలు కంప్యూటరు మామూలుగానే లేచింది, ఎందుకంటే ఖాళీ అయిన పాత సెక్టర్లలో పాత సమాచారం చెరగకుండా అలాగే పడి ఉంది. నిన్నగాక మొన్న ఒడియా ఫాంట్లు ఎక్కించాను. వాటిలో ఏదో ఒకటి వెళ్ళి ఆ పాత ఇంట్లో దిగి ఉంటుంది.

జూన్ 29, ఆదివారం

ఏమి చేసినా ముందు డిస్కుకు నకలు తీయాలి. సీపీయూ డబ్బా విప్పి, వేళ్ళకు అంటిన ఇరవై ఏళ్ళ ధూళి కడుక్కుని, హార్డ్ డిస్కును బయటికి తీసి, ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో నా లైనక్స్ లాప్‌టాప్‌కు తగిలించాను. మామూలు కాపీ కాకుండా డీడీ రెస్క్యూ అనే సాధనంతో మొదటి సెక్టరు నుంచి చివరి సెక్టరు వరకు, మొత్తం 15,63,01,488 సెక్టర్లను, ఒకే ఫైలుగా బయటి డిస్కులోకి తీశాను. చెడిన చోట మొండిగా నిలబడిపోకుండా ముందుకు సాగి, చదవగలిగినదంతా చదివాక వెనక్కి వచ్చి మిగిలిన ముక్కలను మళ్ళీ ప్రయత్నించడం దాని పద్ధతి. గంటన్నర పట్టింది. స్వాప్ పార్టిషన్‌లో ఒకటి రెండు చోట్ల తప్ప అంతా చదవగలిగింది, స్వాప్‌లో పోయినదానికి నాకు చింత లేదు.

నకలు చేతిలో ఉన్నది కనుక, డిస్కు తొలి భాగాన్ని హెక్స్ రూపంలో, అంటే ఒక్కొక్క బైటునూ రెండేసి గుర్తులుగా చూపే పద్ధతిలో, తీరికగా చదివాను. సున్నా నెంబరు సెక్టరులో లైలో అక్షరాలు, చివర 55 ఏఏ ముద్ర కనిపించాయి. ఎక్స్‌పీ పార్టిషన్ 63వ సెక్టరు దగ్గర మొదలవుతుంది. ట్రాకుకు 63 సెక్టర్లు అని లెక్కించే పాత కాలపు పద్ధతిలో, మొదటి ట్రాకును వదిలి రెండో ట్రాకు నుంచి పార్టిషన్ మొదలుపెట్టేవారు. అందువల్ల 1 నుంచి 62 వరకు ఉన్న సెక్టర్లు ఏ పార్టిషన్‌కూ చెందవు, పట్టికలోకి ఎక్కవు, ఏ ఫైల్ సిస్టమ్‌కూ వాటి సంగతి తెలియదు. రెవెన్యూ భాషలో చెప్పాలంటే పోరంబోకు. లైలోకు ఆ చోటుతో పని లేదు కనుక అదంతా సున్నాలుగా ఉంటుందని అనుకుంటూ పేజీలు కిందికి జరుపుతున్నాను. వరుసగా సున్నాలు, సున్నాలు, ఉన్నట్టుండి 32వ సెక్టరు నిండా అర్థం కాని బైట్లు, మళ్ళీ సున్నాలు. వైరస్ అవశేషమా అని మొదట అనుమానించాను. ఏదైనా సరే, చెరపకుండా మొదటి 63 సెక్టర్లను విడి ఫైలుగా దాచి, దాని పేరు పక్కన ఈ రోజు తేదీ వేశాను.

జూలై 1, మంగళవారం

పెళ్ళికి ఆషాఢం అడ్డు గాని, పెద్దకర్మకు కాదు. పాతపట్నం నుంచి ఒకరు వచ్చి, మూడేళ్ళ క్రితం వాళ్ళ తండ్రిగారికి వేసిన కార్డు నమూనాలోనే తల్లిగారికీ కార్డు కావాలని అడిగారు. ఆ ఫైలు ఎక్స్‌పీలో ఉంది. డిస్కు నకలులోంచి ఫైలు తీయగలను గాని, తెరిచే సాఫ్ట్‌వేర్ ఆ యంత్రంలోనే నడవాలి.

ఇక్కడ లైలో చేసిన ఒక మంచి పని అక్కరకు వచ్చింది. అది తొలిసారి డిస్కు మీద కూర్చునేటప్పుడు, అంతకు ముందున్న మొదటి సెక్టరును బూట్ ఫోల్డరులో 0800 అనే అంకెలతో ముగిసే ఫైలుగా దాచి ఉంచుతుంది. 8, 0 అనేవి లైనక్స్ ఆ డిస్కుకు ఇచ్చే నెంబర్లు. ఆ ఫైలులో ఎక్స్‌పీ స్వంత బూట్ కోడ్ భద్రంగా ఉంది. 512 బైట్లూ తిరిగి రాస్తే ఇప్పటి పార్టిషన్ల పట్టిక స్థానంలో ఆనాటి పట్టిక వచ్చి కూర్చుంటుంది. 446 రాయవచ్చును గాని, 440వ బైటు నుంచి నాలుగు బైట్లలో విండోస్ తన డిస్కు గుర్తును ఉంచుకుంటుంది, డ్రైవు అక్షరాలు దాని మీదనే ఆధారపడతాయి. కనుక లాప్‌టాప్ నుంచి మొదటి 440 బైట్లు మాత్రమే రాసి, డిస్కును తిరిగి డబ్బాలో బిగించాను.

లేవలేదు. సిస్టమ్ డిస్కు పెట్టమని బయోస్ అడిగింది. ఎక్స్‌పీ బూట్ కోడ్ పట్టికలో ‘యాక్టివ్’ గుర్తు ఉన్న పార్టిషన్ కోసం చూస్తుంది. లైలోకు ఆ గుర్తు అక్కర లేదు కనుక ఇన్నేళ్ళలో ఎవరో దానిని తీసివేసినా తెలియలేదు. డిస్కును మళ్ళీ విప్పి, గుర్తు పెట్టి, మళ్ళీ బిగించాను. ఈసారి ఎక్స్‌పీ తెర వచ్చింది. కార్డు సాయంత్రానికి అచ్చయింది. స్లాక్‌వేర్‌కు మాత్రం ఇప్పుడు దారి లేదు.

జూలై 4, శుక్రవారం

స్లాక్‌వేర్‌ను తిరిగి లేపడమా, దాని స్థానంలో మరొకటి పెట్టడమా అని మూడు రోజులు ఊగిసలాడాను. లైలో అభివృద్ధి 2015 చివరితో ఆగిపోయింది. నా మతిమరుపుకు తట్టుకోగల లోడర్ కావాలంటే గ్రబ్ 2 వైపు వెళ్ళక తప్పదు. అది ఫైల్ సిస్టమ్‌ను చదువుతుంది, కెర్నల్‌ను నెంబరు పట్టి కాకుండా పేరు పట్టి వెతుక్కుంటుంది. పనిలో పనిగా స్లాక్‌వేర్ తీసివేసి డెబియన్ 12 అనే మరో లైనక్స్ పెట్టాలని నిర్ణయించాను. దానికి ఇంకా 32 బిట్ ఇన్‌స్టాలర్ ఉంది, ఈ పెంటియం 4కు 64 బిట్ రాదు.

ఇన్‌స్టాలర్ ఫైలును దించుకుని, ఫైలు చెడలేదని తేల్చే షా 256 మొత్తం సరిపోల్చి, పెన్‌డ్రైవ్ మీద బైటుకు బైటు రాశాను. రాసిన తరువాత అన్నే బైట్లు వెనక్కి చదివి మళ్ళీ పోల్చడం నాకు అలవాటు. దీనిని చాదస్తం అనేవారు ఉన్నారు. మొదటి పెన్‌డ్రైవ్‌లో రెండు మొత్తాలు కలవలేదు. రెండో పెన్‌డ్రైవ్‌లో కలిశాయి.

అసలు చిక్కు బయోస్‌లో ఎదురైంది. బూట్ వరుసలో ఫ్లాపీ, హార్డ్ డిస్కు, సీడీ, యూఎస్‌బీ ఫ్లాపీ, యూఎస్‌బీ జిప్ ఉన్నాయి గాని, పెన్‌డ్రైవ్‌ను హార్డ్ డిస్కుగా చూసే ఎంపిక లేదు. జిప్ ఎంచుకుని చూశాను, యంత్రం పెన్‌డ్రైవ్ దీపాన్ని ఒకసారి మిణుకుమనిపించి నేరుగా ఎక్స్‌పీలోకి వెళ్ళిపోయింది. పైగా ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ నేను మార్చిన వరుస పోయి, గడియారం 2003 జనవరి 1కి వెళుతోంది. మదర్‌బోర్డు మీది 2032 నెంబరు బిళ్ళ బ్యాటరీని మీటరుతో చూస్తే 3 వోల్టులకు బదులు 2.2 చూపింది. చేతి గడియారాల దుకాణంలో కొత్తది తెచ్చి వేశాను. గడియారం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని, 2003లో ఉన్నాననుకునే యంత్రంతో డెబియన్ భాండారాలను సంప్రదిస్తే, ఆ జాబితాలు ఇంకా అమలులోకి రాలేదని చెప్పి పని ఆపేస్తుంది.

జూలై 5, శనివారం

బహుడా యాత్ర, అంటే రథం తిరుగు ప్రయాణం. ఊరంతా వీధిలో ఉంది, నేను దుకాణంలో ఉన్నాను.

బయోస్‌కు చేతకాని పనిని చేసి పెట్టే ప్లాప్ అనే చిన్న బూట్ మేనేజరు ఉంది. యూఎస్‌బీని నడిపే డ్రైవర్లు దానిలోనే ఉంటాయి కనుక, బయోస్ దానిని సీడీ నుంచి లేపితే చాలు, అది పెన్‌డ్రైవ్‌ను లేపుతుంది. డెబియన్‌నే సీడీ మీద రాయవచ్చును కదా అని ఎవరైనా అడగవచ్చు. ఈ సీడీ డ్రైవు కటకం మసకబారింది. సీడీ నడిమి భాగంలో మొదలయ్యే కొద్ది సమాచారాన్ని చదువుతుంది గాని, అంచు వైపు వెళ్ళే కొద్దీ తడబడుతుంది. ప్లాప్‌కు ఆ నడిమి భాగం చాలును.

ఇక ఖాళీ సీడీ కావాలి. కంప్యూటరు దుకాణాలలో లేదు. పెళ్ళి వీడియోలు సీడీలలో ఇచ్చిన కాలం గుర్తుకు వచ్చి ఒక ఫొటో స్టూడియోకు వెళితే, యజమాని అటక మీది అట్టపెట్టె దింపి, సగం వాడిన సీడీల దొంతర నుంచి రెండు ఇచ్చి డబ్బు తీసుకోలేదు. ఒకదాని మీద ప్లాప్ రాశాను. కటకాన్ని దూదితో తుడిచి సీడీ పెడితే, రెండు నిమిషాల గరగర తరువాత నల్లని తెర మీద నక్షత్రాలు కదులుతూ మెనూ వచ్చింది. యూఎస్‌బీ ఎంచుకున్నాను, అక్కడే బిగుసుకుపోయింది. పెన్‌డ్రైవ్‌ను ముందు వైపు పోర్టు నుంచి తీసి, మదర్‌బోర్డుకు నేరుగా అతికి ఉన్న వెనుక పోర్టులో పెట్టి మళ్ళీ ప్రయత్నిస్తే డెబియన్ మెనూ తెర నిండా వచ్చింది. రథం తిరిగి వెళుతున్న వాద్యాల మోత అప్పుడే మా వీధి మలుపులో వినిపిస్తోంది.

జూలై 8, మంగళవారం

స్లాక్‌వేర్ పార్టిషన్ తొలగించి ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టాను. మార్పు వికటిస్తే పాత స్థితికి తిరిగి రావడానికి వీలుగా ఉంటుందని, డెబియన్ మొత్తాన్ని ఎల్‌వీఎం లోపల, అంటే డిస్కు చోటును అవసరం కొద్దీ మార్చి పంచుకోనిచ్చే ఏర్పాటులో, పెట్టాను. రెండు గంటల తరువాత, అంతా ఎక్కి చివరి మెట్టులో, ఎర్రని తెర మీద గ్రబ్ అమరిక విఫలమైందనీ ఇది తీవ్రమైన దోషమనీ రాసి వచ్చింది. ఆ తెర కారణం చెప్పదు. ఆల్ట్, ఎఫ్ 4 కలిపి నొక్కితే వెనుక నడుస్తున్న నమోదు కనిపిస్తుంది. అక్కడ అసలు మాట ఉంది. బూట్ లోడర్‌ను నింపవలసిన చోటు అసాధారణంగా చిన్నదిగా ఉంది, గ్రబ్ ముఖ్య భాగమైన కోర్ ఇమేజ్ దానిలో పట్టదు.

ఆ చోటు ఏదో కాదు, నేను జూన్ 29న చూసిన పోరంబోకే.

జూలై 9, బుధవారం

యంత్రం ముట్టుకోకుండా కాగితం మీద లెక్క వేసిన రోజు ఇది.

గ్రబ్ 2 మొదటి సెక్టరులో పెట్టేది చిన్న ముక్క మాత్రమే. ఆ ముక్కకూ ఫైళ్ళు చదవడం రాదు. అది చేసేదల్లా తన వెనుక ఉన్న కోర్ ఇమేజ్‌ను పిలవడం. ఫైల్ సిస్టమ్ చదివే తెలివి అంతా కోర్ ఇమేజ్‌లో ఉంటుంది, ఆ కోర్ ఇమేజ్ నివాసం 1 నుంచి 62 వరకు ఉన్న సెక్టర్లే. 62ను 512తో గుణిస్తే 31,744 బైట్లు. విండోస్ విస్టా నుంచి పార్టిషన్‌ను 2048వ సెక్టరు దగ్గర మొదలుపెట్టే పద్ధతి వచ్చింది కనుక కొత్త డిస్కులలో దాదాపు 1 ఎంబీ చోటు దొరుకుతుంది. మాది ఎక్స్‌పీ కాలపు డిస్కు. ఎల్‌వీఎంను అర్థం చేసుకునే మాడ్యూలు కూడా కోర్ ఇమేజ్‌లో చేరవలసి వచ్చేసరికి అది ఆ గట్టు దాటిపోయింది.

ఎక్స్‌పీ పార్టిషన్‌ను ముందుకు జరిపితే చోటు పెరుగుతుంది. కాని ఆ పార్టిషన్ తొలి సెక్టరులో, డిస్కు మొదటి నుంచి తాను ఎంత దూరంలో ఉందో ఆ సంఖ్య, 63, రాసి ఉంటుంది. దానిని కూడా సరిచేయకపోతే ఎక్స్‌పీ లేవదు. ఇరవై ఏళ్ళ పనిని మోస్తున్న పార్టిషన్‌ను ఒక సౌకర్యం కోసం కదిలించడం నాకు ఇష్టం లేదు. కోర్ ఇమేజ్‌ను ఆ చోటులో కాక మామూలు ఫైలుగా ఉంచి, దాని సెక్టరు నెంబర్లు రాసి పెట్టుకోమని గ్రబ్‌ను బలవంతం చేసే మార్గమూ ఉంది. అలా చేస్తే నమ్మదగినది కాదని గ్రబ్ స్వయంగా హెచ్చరిస్తుంది. హెచ్చరించకపోయినా నేను ఒప్పుకోను, ఎందుకంటే నన్ను ఇక్కడికి తెచ్చినది ఆ డోరు నెంబర్ల పద్ధతే. పైగా ఎల్‌వీఎం మీద అది అసలు కుదరదు.

సాయంత్రానికి తట్టింది. కోర్ ఇమేజ్‌కు కావలసినది గ్రబ్ ఫైళ్ళు ఉన్న పార్టిషన్‌ను చదివే తెలివి మాత్రమే. మిగిలిన సిస్టమ్ ఎక్కడ ఉన్నా దానికి నిమిత్తం లేదు, ఎల్‌వీఎంను విప్పుకునే పని కెర్నల్‌దీ, దానితో పాటు మెమరీలోకి వచ్చే ఇనిట్రామ్ అనే చిన్న సహాయక సిస్టమ్‌దీ. కనుక బూట్ ఫోల్డరుకు మాత్రం 512 ఎంబీల సాదా ఈఎక్స్‌టీ 4 (లైనక్స్ మామూలు ఫైల్ సిస్టమ్) పార్టిషన్ విడిగా ఇస్తే, ఎల్‌వీఎం మాడ్యూలును మోయవలసిన అవసరం తప్పుతుంది.

జూలై 13, ఆదివారం

రెండోసారి ఇన్‌స్టాల్ చేశాను. పార్టిషన్లు చేతితో పంచాను: మొదటిది ఎక్స్‌పీ, దానిని తాకలేదు, రెండోది 512 ఎంబీల బూట్, మూడోది ఎల్‌వీఎం. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది, యూపీఎస్ నిలబెట్టింది.

గ్రబ్ మెట్టు వచ్చినప్పుడు ఇన్‌స్టాలర్‌కు వదలకుండా, ఆల్ట్, ఎఫ్ 2తో ఆదేశాలు టైపు చేసే షెల్‌లోకి వెళ్ళి, క్రూట్ అనే ఆదేశంతో కొత్త సిస్టమ్ లోపలికి దిగి, గ్రబ్‌ను అమర్చే ఆదేశాన్ని నేనే ఇచ్చాను. తొందరలో హార్డ్ డిస్కుకు బదులు పెన్‌డ్రైవ్ పేరు రాశాను. దానిలో సీడీల ఫైల్ సిస్టమ్ కనిపిస్తున్నదనీ, అక్కడ రాస్తే అది నాశనం కావచ్చుననీ గ్రబ్ పెద్ద అక్షరాలతో నిరాకరించింది. పేరు సరిచేసి ఎంటర్ నొక్కాను.

తెర మీద రెండు వాక్యాలు వచ్చాయి. మొదటిది చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. 32వ సెక్టరును ఒక లైసెన్సు ప్రోగ్రాము ఇప్పటికే వాడుకుంటున్నదనీ, దానిని తప్పించి వెళుతున్నాననీ, ఆ ప్రోగ్రాము వల్ల ముందు ముందు బూట్ చిక్కులు రావచ్చుననీ గ్రబ్ చెప్పింది. రెండో వాక్యం, అమరిక దోషం లేకుండా ముగిసిందని.

అంటే జూన్ 29న నేను వైరస్ అని అనుమానించిన ఆ సెక్టరు, ఎక్స్‌పీలో డీటీపీ సాఫ్ట్‌వేర్‌తో పాటు మేము వాడే మరొకటి, పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్, దాని లైసెన్సు గుర్తు. డిస్కును ఫార్మాట్ చేసినా, సాఫ్ట్‌వేర్‌ను తీసి మళ్ళీ వేసినా చెరగకుండా ఉండేందుకు, ఎవరి కంటా పడని ఆ ఖాళీ చోటులో అది తన గుర్తు రాసుకుంది. పోరంబోకులో రాత్రికి రాత్రి రాయి పాతి గుడి అన్నట్టు. అక్కడ అది ఉండవలసిన హక్కు లేదు. గ్రబ్‌కూ లేదు, నిజం చెప్పాలంటే. ఇద్దరూ ఆక్రమణదారులే, కాకపోతే గ్రబ్ వారు ముందు వచ్చినవారి రాయిని గుర్తుపట్టి పక్కకు జరిగారు. 62లో ఒకటి పోగా 61 సెక్టర్లు, 31,232 బైట్లు. కోర్ ఇమేజ్ దానిలోనే ఒదిగింది. ఈ వ్యవహారం గ్రబ్ రాసినవారికి పాతదే. ఇటువంటి ప్రోగ్రాముల గుర్తులను పోల్చుకునే పట్టిక ఒకటి వారు అందులోనే పెట్టారు. అది చాలదన్నట్టు, కోర్ ఇమేజ్‌తో పాటు మిగిలిన చోటులో రీడ్ సాలమన్ పద్ధతిలో దిద్దుబాటు సమాచారం కూడా నింపుతారు, గీతలు పడిన సీడీ నుంచి పాట వినిపించేది ఆ గణితంతోనే. ఎవరైనా వచ్చి ఒకటి రెండు సెక్టర్లు తొక్కినా, తొక్కిన భాగాన్ని తిరిగి లెక్క కట్టుకునే అవకాశం ఉంటుంది. మా దగ్గర మిగిలిన చోటు తక్కువ కనుక ఆ రక్షణా తక్కువే.

సీడీ, పెన్‌డ్రైవ్ తీసివేసి స్విచ్చి వేశాను. గ్రబ్ మెనూ వచ్చింది. డెబియన్ లేచింది.

జూలై 14, సోమవారం

మెనూలో ఎక్స్‌పీ లేదు. ఇతర సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్‌ను గ్రబ్ 2.06 నుంచి డీఫాల్ట్‌గా ఆపి ఉంచారు. డీఫాల్ట్ అమరికల ఫైలులో దానిని ఆపే వరుస విలువను ‘ఫాల్స్’ చేసి, మెనూను తిరిగి రాయించాను. ఎక్స్‌పీ వచ్చింది, లేచింది. ప్రింటరు పోర్టు తాళం ఉన్న డీటీపీ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌ను గుండె బిగబట్టి తెరిచాను, లైసెన్సు అడగలేదు.

జూలై 20, ఆదివారం

వారం రోజులు రెండు సిస్టమ్‌లనూ మార్చి మార్చి నడిపాను. ఈ రోజు డెబియన్ నుంచి మొదటి 63 సెక్టర్లను మళ్ళీ ఫైలుగా తీసి, 13వ తేదీ రాత్రి తీసిన దానితో బైటు వారీగా పోల్చాను. తేడాలు అన్నీ 32వ సెక్టరులోనే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడు ఆ లైసెన్సు ప్రోగ్రాము తన సెక్టరును తిరగరాసుకుంటోంది, పక్క సెక్టర్ల జోలికి మాత్రం పోవడం లేదు.

మరొక పరీక్ష మిగిలింది, జూన్‌లో నేను చేసిన తప్పే. బూట్ ఫోల్డరులోని కెర్నల్‌ను బయటికి తీసి, పాతదాన్ని చెరిపి, ఆ పార్టిషన్ ఖాళీ చోటంతా పనికిరాని ఫైలుతో నింపి, దానిని తొలగించి, కెర్నల్‌ను తిరిగి పెట్టాను. ఏ ఆదేశమూ ఇవ్వకుండా రీబూట్ చేశాను. లేచింది. ఇదే పని గ్రబ్ స్వంత ఫోల్డరుతోనూ చేశాను, అప్పుడూ లేచింది.

జూలై 24, గురువారం, అమావాస్య

ఎక్స్‌పీ డిఫాల్ట్‌గా, పది సెకన్ల గడువుతో మెనూ సర్దాను, ఎందుకంటే ఉదయం దుకాణం తెరిచేది చిన్నాన్న; ఆయన స్విచ్చి వేసి టీకి వెళతారు.

లావుపాటి శుభలేఖ అట్ట ఒకటి తీసుకుని, వెనుక వైపు ఈ యంత్రం చరిత్ర రాసి, సీపీయూ డబ్బా తలుపు లోపలి వైపు అతికించాను. 13-7-2025న లైలో కాలం ముగిసి గ్రబ్ 2 వచ్చిందనీ, 32వ సెక్టరును ఎవరూ తాకవద్దనీ, డిస్కు నకలు ఏ బీరువాలో ఉన్నదీ, వెనుక పోర్టే పనిచేస్తుందనీ, బ్యాటరీ మార్చిన తేదీ. బూట్ సెక్టరుకు ‘ప్రారంభక ఖండం’ వంటి మాటలేవీ రాయలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో అటువంటి తెలుగు రాయడానికి చేయి రాలేదు. ప్లాప్ సీడీని కాగితపు సంచిలో పెట్టి ఆ అట్ట కిందే దోపాను. రెండో సీడీ ఖాళీగా ఉంది, స్టూడియోకు తిరిగి ఇవ్వాలి.

రేపటి నుంచి శ్రావణం. టెక్కలి వారి కార్డుకు పసుపు, కుంకుమ రంగుల ప్రూఫ్ ఉదయం పది గంటలకు అడిగారు.